చట్టానికి లొంగని తాళం

2022 మార్చి నెలాఖరులో సుప్రీంకోర్టు ఒక విచిత్రమైన ఆదేశం జారీచేసింది. ‘గెయిన్ బిట్‌కాయిన్’ వ్యవహారంలో నిందితుడొకరు తన క్రిప్టో వాలెట్ యూజర్‌నేమునూ పాస్‌వర్డునూ ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ అధికారులకు తెలియజేయవలసిందని ఆ ఆదేశ సారాంశం. దస్తావేజులను, నగలను, నోట్లకట్టలను అప్పగించమని న్యాయస్థానాలు ఆజ్ఞాపించడం మన మెరిగినదే. ఒక మనిషి మనస్సులోనో, చీటీముక్క మీదనో దాగివున్న కొన్ని అక్షరాలకోసం అత్యున్నత న్యాయపీఠం అడగవలసిరావడం మాత్రం కొత్త సంగతి.

నెలకు పదిశాతం చొప్పున పద్దెనిమిది నెలలపాటు రాబడి ఇస్తామని ఆశచూపి మదుపుదారులనుంచి బిట్‌కాయిన్లు పోగుచేశారన్నది ఆ కేసులోని ఆరోపణ. పథకానికి సూత్రధారి అని దర్యాప్తు సంస్థలు పేర్కొన్న అమిత్ భరద్వాజ్ ఆ సంవత్సరం జనవరిలోనే ఢిల్లీలో మరణించాడు. పాస్‌వర్డు చెప్పవలసిందిగా ఆదేశం అందుకున్నవాడు ఆయన సోదరుడు. 2023 డిసెంబరులో కేసులన్నీ సి.బి.ఐ.కి బదిలీ అయినవి. 2025 ఫిబ్రవరిలో ఆ సంస్థ ఢిల్లీ పరిసరాలు మొదలు అరవైకి పైగా చోట్ల సోదాలు జరిపి, సుమారు 24 కోట్ల రూపాయల విలువగల క్రిప్టో ఆస్తిని పట్టుకున్నట్లు ప్రకటించింది. ఆరోపణలలోని మొత్తం వేలకోట్లు. చేతికి అందినది ఇది. ఆరోపణల నిజానిజాలు న్యాయస్థానాలు తేల్చవలసినవి గనుక వాటి జోలికి నేను పోను. నన్ను ఆలోచింపజేసినది వేరు. న్యాయస్థానం బతికివున్నవాణ్ణి శాసించగలదు. మృతునికి సమను పంపలేదు. బతికివున్నవాని నోరుకూడ సులభంగా లొంగేది కాదు. అదే 2022 అక్టోబరులో ఢిల్లీలోని ఒక ప్రత్యేక సి.బి.ఐ. న్యాయస్థానం మరొక కేసులో, పాస్‌వర్డు చెప్పమని నిందితుణ్ణి నిర్బంధించడం రాజ్యాంగంలోని 20(3) అధికరణకు విరుద్ధమని అభిప్రాయపడింది.

నేరంతో ప్రమేయమున్న కుటుంబాల సంగతి అలా ఉంచుదాము. ఏ నేరమూ చేయని వారు, నలుగురు కలిసి, ఒకరినొకరు నమ్మి, ఉమ్మడిగా దాచుకున్న సొమ్ము కేవలం ఒక మనిషి లేకపోవడంవల్ల శాశ్వతంగా చేజారిపోతే ఏమిటి గతి? ఢిల్లీ మంత్రిత్వశాఖల గదులలో ఈ ప్రశ్న ఇంకా వినబడడం లేదు. ఇళ్లలో మాత్రం వినబడుతున్నది.

వాలెట్ అనే మాట విని భ్రమపడరాదు. అందులో డబ్బు ఉండదు. ఎవరి పేర ఎంత అనే లెక్క ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఒకే విధంగా నమోదై ఉంటుంది. దానిని ఎవరైనా చూడవచ్చు. ఆ సొమ్మును కదిపే అధికారం మాత్రం ఒక రహస్యసంఖ్యకే ఉన్నది. అదే తాళంచెవి. సామాన్యంగా దానిని 12 లేక 24 ఇంగ్లీషు మాటల వరుసగా కాగితంపై రాసి దాచుకుంటారు. ఆ మాటలు ఎవరిదగ్గర ఉంటే వారే యజమాని. అవి పోతే, గుర్తింపుపత్రం చూసి మరొకటి ఇప్పించే మేనేజరు లేడు. దరఖాస్తు పెట్టుకునే కౌంటరు లేదు. పైఅధికారి అంటూ ఎవరూ లేరు. ఈ డబ్బును సృష్టించినవారు గర్వంగా చెప్పుకొన్న గుణమే అది. ఏ ప్రభుత్వమూ ముట్టుకోలేదు అన్నారు. ముట్టుకోలేని ప్రభుత్వం కాపాడనూలేదన్నది ఆ గుణానికి రెండో ముఖం.

చెవి ఒక్కరి చేతిలోనే ఉంటే ఏమవుతుందో తెలిపే కథ ఢిల్లీకి కొద్దిగంటల ప్రయాణదూరంలోనే జరిగింది. 2018 డిసెంబరు 9న జైపూరులో జెరాల్డ్ కాటెన్ అనే ముప్ఫైయేళ్ల కెనడా యువకుడు విహారయాత్రలో ఉండగా జబ్బుచేసి మరణించాడు. ‘క్వాడ్రిగా’ అనే క్రిప్టో వ్యాపారసంస్థకు ఆయనే అధిపతి. సంస్థ సొమ్ము దాచిన వాలెట్ల చెవులు ఆయనకొక్కడికే తెలుసునని, ఆయనతోపాటే అవి పోయినవని తరువాత వెల్లడి అయింది. 76 వేలమందికి పైగా ఖాతాదారులకు సంస్థ బాకీపడిన సొమ్ము 21 కోట్ల 50 లక్షల కెనడా డాలర్లు. అయితే లెక్కలు పరిశీలించినవారు వాలెట్లను గుర్తించి చూస్తే వాటిలో చాలభాగం ఆయన మరణానికి నెలల ముందే ఖాళీ అయి ఉన్నవి. ఖాతాదారుల సొమ్ముతో ఆయన సాగించిన వ్యాపారం మోసమేనని 2020 జూన్‌లో ఒంటారియో సెక్యూరిటీస్ కమిషన్ తేల్చింది. చెవి పోయిందన్న మాట ఖాళీపెట్టెకు ఎంత చక్కని మూతగా పనికివచ్చిందో చూడండి.

ఒంటిచేతి తాళంలోని ఈ ప్రమాదానికి విరుగుడుగా వచ్చినదే ఉమ్మడి వాలెట్. ముగ్గురికి మూడు చెవులు. ఏ ఇద్దరు సంతకం చేసినా సొమ్ము కదులుతుంది. లేదా ఐదుగురిలో ముగ్గురు, ఆరుగురిలో నలుగురు. పార్లమెంటు భాషలో చెప్పాలంటే ఇది కోరం. లోక్‌సభలో మొత్తం సభ్యులలో పదోవంతు హాజరు లేకపోతే సభ సాగరాదని రాజ్యాంగం 100వ అధికరణ చెబుతున్నది. కోరం లేదని ఎవరైనా లేచి అభ్యంతరం చెబితే గంట మోగుతుంది. బయట కాఫీ తాగుతున్న సభ్యులు లేచి వస్తారు. రాకపోతే సభ వాయిదా పడుతుంది, మర్నాడు మళ్లీ సమావేశమవుతుంది. సభ్యుడు మరణిస్తే ఉపఎన్నిక ఉన్నది. ఉమ్మడి వాలెట్‌కు గంటా లేదు, ఉపఎన్నికా లేదు. అక్కడ కోరం ఒకసారి శాశ్వతంగా పడిపోతే అది నిరవధిక వాయిదాయే.

రహస్యాన్ని పంచుకోవడం గురించి గణితవేత్తలు కంప్యూటర్ డబ్బు పుట్టకముందే ఆలోచించారు. ఆది షమీర్ అనే ఇజ్రాయెల్ శాస్త్రవేత్త 1979లో ప్రకటించిన వ్యాసంలో ఒక పాత చిక్కుప్రశ్నను ఉదాహరించాడు. పదకొండుమంది శాస్త్రజ్ఞులు తమ కాగితాలను బీరువాలో దాచుకున్నారు. వారిలో ఏ ఆరుగురు కలిసినా బీరువా తెరుచుకోవాలి, ఐదుగురే అయితే తెరుచుకోరాదు. మామూలు తాళాలతో ఈ ఏర్పాటు చేయాలంటే బీరువాకు 462 తాళాలు, ఒక్కొక్కరి దగ్గర 252 చెవులు కావాలి! ఆ మోపును మోయనక్కరలేకుండా గణితంతోనే అదే ఫలితాన్ని సాధించే మార్గం ఆయన చూపించాడు. కాని ఆరుగురు ఎప్పటికీ అందుబాటులో ఉండేటట్లు చూడడం ఏ గణితానికీ చేతకాని పని. అది మనుషులకు సంబంధించిన విషయం.

నోయిడాలో తెలుగువారి సమావేశానికి వెళ్లినప్పుడు ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు నన్ను పక్కకు పిలిచి తన గోడు చెప్పుకొన్నాడు. ఒకే కాలేజీలో చదివిన ముగ్గురు మిత్రులు జీతాలలోంచి తలా కొంత వేసి బిట్‌కాయిన్ కొన్నారు. ఇద్దరు కుమ్మక్కై మూడోవాణ్ణి ముంచకుండా ముగ్గురూ సంతకం చేస్తేనే సొమ్ము కదిలేటట్లు తాళం వేసుకున్నారు. కొన్నేళ్లకు ఒకడు అమెరికా వెళ్లాడు. మరొకడితో వేరే లావాదేవీలో మాట పట్టింపు వచ్చింది.

“అతణ్ణి వెళ్లి అడగరాదా బాబూ?” అన్నాను.

“నంబరు మార్చేశాడు సార్. ఊళ్లో వాళ్లమ్మగారిని అడిగితే, మీ ఇద్దరి మధ్యకు నన్ను లాగకండి నాయనా అన్నారు. డబ్బు పోలేదండి. రోజూ ఫోనులో కనిపిస్తూనే ఉంటుంది. ముట్టుకోలేం, అంతే.”

ఆ కుటుంబానికి అది ఇంటిస్థలం కొనుక్కోవలసిన సొమ్ము. అందుబాటులో లేకపోవడమంటే మరణమే కానక్కరలేదు. కలహం, విడాకులు, పక్షవాతం, మతిమరుపు, జైలు, పాతఫోను పారవేయడం — ఇవన్నీ ఆ తాళం దృష్టిలో మరణంతో సమానమే. పైగా మృతునికి వారసుడుంటాడు. అలిగినవాడికి వారసుడు కూడా ఉండడు.

చదువురాని పొరపాటు ఇది అని తీసివేయడానికి వీలులేదు. గూఢలిపిశాస్త్రంలో ప్రపంచంలోకెల్లా పేరుపొందిన పండితుల సంఘం ఒకటున్నది: గూఢలిపి పరిశోధకుల అంతర్జాతీయ సంఘం. 2025లో ఆ సంఘం తన కార్యవర్గానికి కంప్యూటర్ ద్వారా ఎన్నిక జరిపింది. ఓట్ల లెక్కింపు తాళానికి ముగ్గురు ధర్మకర్తలు; ముగ్గురి చెవులూ కలిస్తేనే ఫలితం తెలిసేటట్లు ఏర్పాటు. పోలింగు ముగిసిన తరువాత ముగ్గురిలో ఒకరి చెవి పోయిందని తేలింది. దుర్బుద్ధి ఏమీ లేదు, కేవలం పోగొట్టుకున్నారు. పడిన ఓట్లు పడినట్లే ఉన్నవి, లెక్కించే మార్గం లేదు. ఆ నవంబరులో సంఘం ఎన్నికను రద్దుచేసి మళ్లీ జరపవలసివచ్చింది. ఈసారి ముగ్గురిలో ఇద్దరు చాలునని నియమం మార్చుకున్నారు. ఎన్నిక గనుక మళ్లీ జరుపుకోగలిగారు. సొమ్మయితే మళ్లీ సంపాదించుకోవలసిందే.

మరి అందరి సంతకాలూ కావాలని జనం ఎందుకు పట్టుబడతారు? దొంగభయం. ఆ భయం నిరాధారం కాదు. 2024 జూలై 18న మన దేశపు వజీర్‌ఎక్స్ సంస్థనుంచి 23 కోట్ల డాలర్ల విలువగల క్రిప్టో ఆస్తి, అంటే ఉరమరగా రెండువేల కోట్ల రూపాయలు, మాయమైంది. అదికూడా ఉమ్మడి తాళమే. ఆరుగురు సంతకందారులు, నలుగురి సంతకాలు అవసరం. తెరపై కనిపించిన లావాదేవీ ఒకటి, నిజంగా సంతకం పడినది మరొకటి అని సంస్థ ప్రకటించింది. దానితో వాలెట్‌పై పెత్తనం దొంగల పరమైంది; చెవులు చేతిలోనే ఉన్నా అసలు యజమానులు పరాయివారైపోయారు. ఇది ఉత్తరకొరియా ముఠాల పని అని 2025 జనవరిలో అమెరికా, జపాన్, దక్షిణకొరియా ప్రభుత్వాలు ఉమ్మడి ప్రకటన చేసినవి. న్యాయంకోసం కొందరు బాధితులు సుప్రీంకోర్టు గడప ఎక్కితే, 2025 ఏప్రిల్‌లో ఆ పిటిషన్ కొట్టివేతకు గురైంది. కనుక చిక్కు ఎక్కడున్నదో పాఠకులు గ్రహించే ఉంటారు. కోరం తగ్గిస్తే దొంగకు సుళువు; పెంచితే యముడికి సుళువు.

లోహపు తాళానికి ఈ బాధ లేదు. పూరీ జగన్నాథాలయ రత్నభాండార వృత్తాంతం రాజకీయాలు గమనించేవారికి గుర్తుండే ఉంటుంది. 2018 ఏప్రిల్‌లో తనిఖీకి వెళ్లిన బృందం లోపలిగది తలుపు తెరవకుండానే తిరిగివచ్చింది. ఆ గది తాళంచెవి కనిపించడంలేదన్న వార్త ఒడిశాను కుదిపివేసింది. విచారణ కమిషన్ వేశారు. కలెక్టరు కార్యాలయంలో నకలు చెవులు దొరికినవన్నారు. 2024 ఎన్నికలలో అది ప్రచారాస్త్రమై, ఇరవైనాలుగేళ్ల నవీన్ పట్నాయక్ ప్రభుత్వం దిగిపోయింది. ఆ జూలై 14న అధికారులు వెళ్లి నకలు చెవులతో ప్రయత్నించారు, తెరుచుకోలేదు. మేజిస్ట్రేటు సమక్షంలో తాళాలు పగులగొట్టారు. ఆరేళ్ల రభస ఒక సుత్తిదెబ్బతో తీరిపోయింది. ఏ తాళమైనా చివరకు ప్రభుత్వపు సుత్తికి లొంగుతుందన్న నమ్మకం మీదనే మన చట్టాలన్నీ నిలబడివున్నవి.

కొత్త తాళం ఆ సుత్తికి లొంగదు. 2017 నవంబరులో ‘పారిటీ’ అనే ఉమ్మడి వాలెట్ల ఏర్పాటులో, వాటన్నిటికీ ఆధారమైన ప్రోగ్రామును ఎవరో ఒకరు పొరపాటున రద్దుచేయడంతో అయిదులక్షలకు పైగా ఈథర్ నాణేలు ఒక్కసారిగా బిగుసుకుపోయినవి. చెవులవారంతా క్షేమమే, చెవులూ పదిలమే. తాళమే రాయి అయిపోయింది. వాటిని విడిపించడానికి నియమాలు మార్చాలని ప్రతిపాదన తెచ్చి, 2018 ఏప్రిల్‌లో ఆ నాణెం కలవారి అభిప్రాయం సేకరిస్తే వ్యతిరేకులదే పైచేయి అయింది. ఒకరికోసం పుస్తకం దిద్దితే రేపు అందరికోసమూ దిద్దవలసివస్తుందని వారి వాదం. ఆ వాదంలో పస లేకపోలేదు. కాని కష్టపడినవాడికి అక్కడ అప్పీలు లేదన్న సంగతి కూడ అంతే స్పష్టం.

ఇక ఢిల్లీ సంగతి. 2021లో క్రిప్టోకరెన్సీ బిల్లు బడ్జెట్ సమావేశాల జాబితాలోనూ, శీతాకాల సమావేశాల జాబితాలోనూ కనిపించింది. సభలో మాత్రం కనిపించలేదు. బిల్లు రాకపోయినా పన్ను వచ్చింది. 2022 బడ్జెట్‌లో నిర్మలా సీతారామన్ ఈ ఆస్తుల లాభాలపై 30 శాతం పన్ను, అమ్మకాలపై ఒకశాతం ముందస్తు కోత విధించారు. 2023 మార్చిలో ఈ వ్యాపారం అక్రమధన నిరోధక చట్టం పరిధిలోకి వచ్చింది. క్రిప్టో కూడా ఆస్తియే, దానిని ఒకరు మరొకరికోసం ధర్మకర్తగా ఉంచుకోవచ్చునని 2025 అక్టోబరులో మద్రాసు హైకోర్టు చెప్పింది. ఆస్తి అయినప్పుడు వారసత్వానికీ వస్తుంది. అయితే వారసత్వపు హక్కు కాగితం మీద ఉంటుంది. దానిని అనుభవించే దారి పన్నెండు మాటలలో ఉంటుంది. వారసత్వ ధ్రువపత్రం జిల్లా న్యాయస్థానం ఇస్తుంది, ఆ పన్నెండు మాటలు ఇవ్వలేదు.

బ్యాంకు సొమ్ముతో పోల్చి చూడండి. పదేళ్లు కదలని ఖాతాలోని డబ్బు రిజర్వుబ్యాంకు నిధికి చేరుతుంది. అయినా వారసుడు ఎప్పుడు వచ్చి అడిగినా తిరిగి ఇవ్వవలసిందే. వెతుక్కోవడానికి 2023 ఆగస్టులో ‘ఉద్గమ్’ అనే పోర్టల్ కూడ తెరిచారు. నామినీలు ఒకరు కాదు, నలుగురిని పెట్టుకోవచ్చునని పార్లమెంటు బ్యాంకింగ్ చట్టాన్ని సవరించగా, 2025 నవంబరు 1నుంచి అది అమలులోకి వచ్చింది. బ్యాంకు శాఖలో ఇనప్పెట్టెకు ఇద్దరి చెవులు కావాలన్న నియమం ఎప్పటిదో. ఆ నియమంతోపాటే నకలు చెవులు వేరొక శాఖలో భద్రపరచాలన్న మరో నియమం కూడ పుట్టింది. ఈ రెండో నియమాన్ని మరిచిపోయి మొదటిదాన్ని మాత్రం అనుకరించడమే కొత్తతరం చేసిన పని.

ఈ సందర్భంలో తెలుగువారికి సంబంధించిన ఒక చారిత్రక ఘట్టం గుర్తుచేయవలసి ఉన్నది. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు పదవిలో ఉండగానే మరణించారు. రాజ్యాంగం 65వ అధికరణ ప్రకారం ఉపరాష్ట్రపతి వి.వి. గిరి గారు ఆ బాధ్యతలు స్వీకరించారు. మరి ఆయన కూడ లేకపోతే? రాజ్యాంగ నిర్మాతలు ఆ మూడోమెట్టు తామే కట్టలేదు. 70వ అధికరణ కింద పార్లమెంటుకు విడిచిపెట్టారు. పార్లమెంటు పంతొమ్మిదేళ్లు ఊరుకున్నది. జాకీర్ హుస్సేన్ గారి మరణం ఆ లోపాన్ని కళ్లకు కట్టింది. ఆ మే నెలలోనే చట్టం చేసి, ఇద్దరూ లేనప్పుడు సుప్రీంకోర్టు ప్రధానన్యాయమూర్తి, ఆయనా లేకపోతే అందుబాటులో ఉన్న న్యాయమూర్తులలో జ్యేష్ఠుడు రాష్ట్రపతి విధులు నిర్వహించాలని నిర్ణయించారు. రెండునెలలు తిరగకముందే, జూలై 20న, గిరి గారు రాష్ట్రపతి ఎన్నికకు పోటీచేయడానికి రాజీనామా ఇచ్చారు. ప్రధానన్యాయమూర్తి హిదయతుల్లా గారు ఆగస్టు 24 వరకు ఆ స్థానంలో ఉన్నారు. దేశం ఒక్కక్షణం కూడ అధిపతి లేకుండా లేదు.

ఆ ఉదంతంలో నాకు కనబడే పాఠం ఒకటే. రాజ్యాంగంలో మెట్టు ఒకటి లేకపోతే, మనిషి పోయిన తరువాత కూడ పార్లమెంటు దానిని కట్టగలిగింది. ఉమ్మడి వాలెట్‌కు మనిషి పోయిన తరువాత ఏ మెట్టూ కట్టలేము, ముందే కట్టుకోవాలి. ఆ వాలెట్‌కు రాజ్యాంగ నిర్మాతలు, పార్లమెంటు, సుప్రీంకోర్టు అన్నీ చెవులు చేతబట్టిన ఆ ముగ్గురే.

కట్టుకోవడం కష్టసాధ్యమేమీ కాదు. సభ్యులందరి సంతకాలూ కావాలన్న పట్టు మొదట విడిచిపెట్టాలి. ముగ్గురైతే ఇద్దరు, ఐదుగురైతే ముగ్గురు చాలు. చెవులు ఒకే ఇంట్లో, ఒకే బీరువాలో ఉండరాదు. చెవులవారంతా ఒకే కారులో ప్రయాణం చేయరాదు. సంవత్సరానికొకసారి, ఉగాదికో సంక్రాంతికో, హాజరుపట్టీ వేసి ఒక చిన్న మొత్తాన్ని అందరూ సంతకాలుచేసి కదిపి చూడాలి. ఎవరి చెవి అయినా పోయిందని తేలితే, కోరం ఇంకా మిగిలివున్నప్పుడే కొత్త తాళం చేయించి సొమ్మును అందులోకి మార్చాలి. ఇలాంటి సొమ్మున్నదని, తక్కిన చెవులు ఎవరెవరి దగ్గర ఉన్నవో భార్యకో భర్తకో పెద్దకొడుక్కో తెలిసివుండాలి. వీలునామాలో ఆస్తి సంగతి రాయవచ్చు, రహస్యపు మాటలు మాత్రం రాయరాదు; వీలునామా న్యాయస్థానానికి వెళితే పదిమంది కళ్లలో పడుతుంది. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం వీలునామాలకు వర్తించదు గనుక అది కాగితం మీదనే ఉండాలన్నది కూడ మరవరాదు.

ప్రభుత్వం చేయగలిగినది కూడ కొంత ఉన్నది. ప్రజల సొమ్ము ఉమ్మడి తాళాలలో దాచే సంస్థలు, తమ సంతకందారులలో ఒకరు మరణించినా, మాయమైనా ఏం చేస్తారో ముందుగానే రాసి చూపించాలని, ఏటా పరీక్షించి లెక్క చెప్పాలని నిబంధన పెట్టవచ్చు. లాభంలో ముప్ఫైవంతులు తనదని లెక్కగట్టిన రాజ్యానికి, ఆ లాభం చేతికందని వితంతువుపట్ల ఈపాటి బాధ్యత అయినా ఉండాలి. ఉభయసభల ప్రశ్నోత్తరాల సమయంలో క్రిప్టోపై ఎంత పన్ను వసూలైనదని అడిగే సభ్యులు, ఎంత సొమ్ము తాళాలలో చిక్కుకున్నదని కూడ ఒకసారి అడిగితే బాగుంటుంది.

అంతవరకు నోయిడా యువకుడు తన ఫోనులో ఆ అంకెను చూసుకుంటూ ఉండవలసిందే. మూడోవాడి అలక తీరాలి. తీర్చే అధికారం ఢిల్లీలో ఏ భవనానికీ లేదు. ఊళ్లో ఉన్న ఆ తల్లి పెద్దమనసుకే ఉన్నది.